అయిదడుగుల దారికి ఆరడుగుల బండి

రాగిణి ఆ దారిని ఒక్కసారి కాదు, మూడుసార్లు కొలిచింది. ఇటుక గోడ నుంచి ఇనుప కమ్మీ దాకా సరిగ్గా అయిదడుగులు. టేపు మీద అంకె కనబడేలా ఫోటో తీసి, దాని చుట్టూ ఎర్ర గీత గీసి మరీ గుడి కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. తొమ్మిది మంది సభ్యుల్లో నలుగురు దణ్ణం బొమ్మలు పెట్టారు. ఒకాయన "గుడ్ వర్క్ రాగిణి గారూ" అన్నాడు. అంకె సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. అందరూ ఇంజనీర్లే, అందులో ఇద్దరికి పేటెంట్లు కూడా ఉన్నాయి. అంత చదువుకున్నవాళ్ళకి ఆరడుగుల బండి అయిదడుగుల దారిలో పట్టదన్న లెక్క మాత్రం తట్టలేదు.

ఆ వేంకటేశ్వరస్వామి గుడి నేపర్‌విల్ దాటాక పావుగంట పడమరగా వెళితే, మొక్కజొన్న చేలు మొదలయ్యే చోట ఉంది. ఒకప్పుడు అది చిన్నపిల్లల బడి. మూతపడ్డాక మనవాళ్ళు కొని గుడి చేశారు. వెనకాల ఉన్న చిన్న ఇంట్లో అర్చకులు రంగాచార్యులు గారు, ఆయన భార్య అలివేలమ్మ గారు ఉంటారు. ఆ ఇంటి నుంచి గుడి పక్క తలుపుకి ఒకటే దారి, హాలు గోడ వెంబడే నూట ఇరవై అడుగులు. ఉత్తరపు వైపు కాబట్టి ఎండ తగలదు. ఒకసారి మంచు పడి గడ్డ కట్టిందంటే ఇక అంతే సంగతులు, వారాల తరబడి కరగదు.

నిరుడు జనవరిలో ఆ దారిలోనే ఆచార్యులు గారు జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆయన్ని లేపి కూర్చోబెట్టింది, ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది, అక్కడ ఆరు గంటలు కూర్చున్నది రాగిణే. లోపల స్టీలు ప్లేటు వేశారు. ఇంకోసారి ఆ చెయ్యి విరిగితే మునుపటిలా అతకదని డాక్టరు తేల్చి చెప్పాడు. అలివేలమ్మ గారు ఆసుపత్రి కారిడార్‌లో రాగిణి చెయ్యి పట్టుకుని, "స్వామికి అభిషేకం చేసే చెయ్యి అమ్మా. అది పోతే ఈయనకి ఇంకేం మిగులుతుంది చెప్పు" అన్నారు. వచ్చే చలికాలానికి ఆ దారిలో మంచు నిలవకుండా చూసే పూచీ తనదని రాగిణి మాట ఇచ్చింది.

మాటైతే ఇచ్చింది గానీ, కమిటీ అనేది ఒకటుందని ఆ క్షణంలో మర్చిపోయింది.

గుడిలో బాత్రూం కాగితాల దగ్గర్నుంచి హీటర్ దాకా చూసుకునే బాధ్యత రాగిణిది. అయిదేళ్ళ క్రితం ఎవరో "మీరైతే బాగా చేస్తారండీ" అంటే కాదనలేక ఒప్పుకున్న బాధ్యత. ఆస్పత్రి కంప్యూటర్ల ఉద్యోగం, టెన్త్ గ్రేడ్‌లో ఉన్న కూతురు సాన్వి, వీటి మధ్య గుడి పని. భర్త శ్రీకాంత్ దాన్ని ఆమె మూడో షిఫ్టు అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండుతుంది, నిజం కాబట్టి.

అక్టోబరులో మీటింగు పెట్టారు. మంచు తీసే బండి ఒకటి కొనాలన్నదాకా అందరిదీ ఒకే మాట. పార్కింగ్‌లో మంచు తీసే కాంట్రాక్టర్ ఏడు దాటాక గానీ రాడు. ధనుర్మాసంలో పూజ తెల్లవారుజామున అయిదింటికి. పైగా అతను పార్కింగ్ ఒక్కటే తీస్తాడు, ఇంటి దారి ముట్టుకోడు. మంచు ఎగజిమ్మే పాత స్నో బ్లోవర్ నిరుడే మూలపడింది.

రాగిణి తయారై వచ్చింది. యూటీవీ కొందామంది. యూటీవీ అంటే ఇద్దరు కూర్చునే చిన్న బండి, చూడ్డానికి జీపుకి తమ్ముడిలా ఉంటుంది. అందులో సన్నరకం ఒకటుంది, మంచు తోయడానికి దాని ముందు బిగించే బ్లేడు నాలుగున్నర అడుగులు. దారిలో సులువుగా పడుతుంది. అద్దాలు, హీటరు ఉన్నాయి కాబట్టి తెల్లవారుజామున ఏ వాలంటీరైనా నడపొచ్చు. పార్కింగ్‌కి ఎలాగూ కాంట్రాక్టర్ ఉన్నాడు.

ఆమె కూర్చోగానే ప్రెసిడెంటు కృష్ణమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. ఆయనకి అరవై ఆరేళ్ళు, ముప్ఫై ఏళ్ళు ఫోన్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. ఈ గుడి నిలబడిందంటే సగం ఆయన కష్టమే, ఆ మాట రాగిణి కూడా ఒప్పుకుంటుంది.

"అమ్మా, నువ్వు చెప్పింది బాగానే ఉంది. కానీ కొనేదేదో పార్కింగ్‌కి కూడా పనికొచ్చేది కొంటే ఆ కాంట్రాక్టర్ పీడే ఉండదుగా. ట్రాక్టరైతే మంచు ఎత్తి పక్కన పోస్తుంది. నీ యూటీవీ ఉత్తినే తోస్తుంది. అది గోల్ఫ్ కార్టుకి రేకు కట్టినట్టు ఉంటుంది. మనం పొలాల్లోంచి వచ్చినవాళ్ళం, ట్రాక్టర్ మనకి కొత్తా?"

"నిజమే, నిజమే" అన్నారు ఇద్దరు ముగ్గురు. అందులో ఒకాయన పుట్టి పెరిగింది సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో.

"దారి అయిదడుగులే అంకుల్. మీరు చెప్పే ట్రాక్టర్‌కి బ్లేడు ఆరడుగులు" అంది రాగిణి.

"ఏదో అడ్జస్ట్ చేసుకుందాంలేమ్మా."

గోడని అడ్జస్ట్ చేస్తారా, కమ్మీని అడ్జస్ట్ చేస్తారా అని అడగబోయి ఊరుకుంది. ఓట్లు వేస్తే నాలుగూ నాలుగూ వచ్చాయి. అందరికంటే ఆఖర్న వేయాల్సిన రాగిణి ఓటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదైంది, ఇళ్ళకి పోవాలని అందరూ లేచారు. ఆలోచించి గ్రూపులో పెట్టమన్నారు. ఆలోచించడానికేముంది, ఆమె అప్పుడే చెప్పేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మర్నాడు సాయంత్రం కృష్ణమూర్తి గారు ఫోన్ చేశారు. ట్రాక్టర్ మాట ఎత్తలేదు. వాళ్ళ నాన్న కోటయ్య గారి గురించి చెప్పారు. తెనాలి దగ్గర నాలుగెకరాల మాగాణి. ఏటా దుక్కి సీజన్‌లో ట్రాక్టర్ ఉన్న ఆసామి ఇంటి అరుగు కింద నిలబడి, మా చేలోకి ఎప్పుడు పంపుతారండీ అని బతిమాలుకునేవాడట ఆయన. అందరిదీ అయ్యాక ఆఖరికి వచ్చేదట బండి. సొంత ట్రాక్టర్ కొనుక్కోవాలని ఉండి, కొనకుండానే పోయాడట.

"నాన్న పేరు మీద గుడికి నేనే ఇస్తానమ్మా ట్రాక్టర్. ఆయన పేరు బానెట్ మీద రాయిస్తా. అయినా నీ మాటే ఫైనల్. నువ్వు యూటీవీ అంటే యూటీవీయే. నేనేమీ అనుకోను."

నేనేమీ అనుకోను అని తెలుగువాడు అన్నాడంటే దానర్థం ఏమిటో రాగిణికి తెలియంది కాదు. ఆయన గొంతులో చిన్న జీర కూడా ఉంది. తండ్రి పేరు చెప్పి అడుగుతున్న పెద్దమనిషిని కాదంటే రేపు గుడిలో ఎదురుపడి మొహం ఎలా చూపించాలి? కుదరదంకుల్ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం వేరే.

"ట్రాక్టరే ఓకే అంకుల్. ఆ చిన్న దారి సంగతి నేను చూసుకుంటాను."

ఆయన పొంగిపోయారు. ఆమె ఫోన్ పెట్టేసి గ్రూపులో కూడా "ఓకే" అని కొట్టింది. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న శ్రీకాంత్ అంతా విన్నాడు.

"ఎలా చూసుకుంటావు? పార పట్టుకుని నువ్వే పోతావా?"

"పోతాను. నూట ఇరవై అడుగులేగా."

"మూడు వారాలు కొలతలు తీసి, పది వీడియోలు చూసి, ఆఖరికి ఒక్క ఫోన్ కాల్‌కి పడిపోయావు కదే."

"నువ్వైతే ఏం చేసేవాడివి?"

"నేను ఫోనే ఎత్తేవాణ్ణి కాదు" అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు.

డిసెంబర్ పద్దెనిమిదిన ట్రాక్టర్ వచ్చింది. ఎర్రగా, బలంగా, ముద్దొచ్చేలా ఉంది, ఆ మాట ఎవరూ కాదనలేరు. బానెట్ మీద కీర్తిశేషులు కోటయ్య గారి పేరు తెలుగులో, ఇంగ్లిష్‌లో రాయించారు. కమిటీ అంతా దాని ముందు నిలబడి ఫోటోలు దిగింది. సికింద్రాబాద్ ఆయన సీటెక్కి స్టీరింగు పట్టుకున్నాడు. ఆ వారమే కాంట్రాక్టర్‌ని మానిపించేశారు. ఆ తర్వాత కృష్ణమూర్తి గారు తాళంచెవి జేబులో వేసుకుని చల్లగా ఒక మాట చెప్పారు.

"జనవరి పదహారున వాహన పూజ. అప్పటిదాకా బండి స్టార్ట్ చేయకూడదు."

రాగిణి తప్పు విన్నానేమో అనుకుంది. "అంకుల్, ఇవాళ డిసెంబర్ పద్దెనిమిది."

"ధనుర్మాసం వచ్చేసింది కదమ్మా, ఈ నెల్లో కొత్త బండికి పూజ ఏమిటి? ఆచార్యులు గారినే అడిగా. పదహారు మంచిదన్నారు. నాన్న పేరు మీది బండి, అలా ఎలా పడితే అలా తీస్తామా?"

"ఈలోగా మంచు పడితే?"

"ఈ ఏడు చలి తక్కువటలే."

ఎవరన్నారో ఆయన చెప్పలేదు. ఉన్న కాంట్రాక్టర్‌ని పంపేశారు, కొన్న బండికి టార్పాలిన్ కప్పి షెడ్డులో పెట్టారు, చలికాలం నడిమధ్యలో నెల రోజులు మంచు పడొద్దని ఆకాశానికి చెప్పినట్టు చేతులు దులుపుకున్నారు. రాగిణికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఏమనగలదు? ఓకే అన్న చెయ్యి తనదే.

ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం మంచు మొదలైంది. రాత్రి దాని మీద వాన కురిసి పైపొర గాజులా గట్టిపడింది. మూడింటికి అలారం మోగేసరికే రాగిణి మేలుకుని ఉంది. కారు వెనక పార, రెండు ఉప్పు బస్తాలు వేసుకుని బయల్దేరింది. నాలుగింటికల్లా చేరి దారి తీసేస్తే ఆచార్యులు గారు నాలుగున్నరకి నిశ్చింతగా నడిచి వెళతారని ఆమె లెక్క. కానీ పావుగంట దారికి గంటంపావు పట్టింది. రెండుచోట్ల కార్లు అడ్డం తిరిగి ఉన్నాయి. దారిలోంచే కృష్ణమూర్తి గారికి ఫోన్ చేసింది.

"అంకుల్, తాళంచెవి పట్టుకుని ఇప్పుడే బయల్దేరండి. పార్కింగ్ నిండా మంచు. ముక్కోటి, రెండు వందల కార్లు వస్తాయి."

"అమ్మా, పూజ కాకుండా..."

"పట్టుకురండి అంకుల్" అని పెట్టేసింది. పెద్దవాళ్ళ మాట మధ్యలో ఫోన్ పెట్టేయడం ఆమె జన్మలో అదే మొదలు.

ఆమె చేరేసరికి నాలుగున్నర దాటి అయిదు నిమిషాలైంది. గోడ మీది లైటు వెలుతురులో దారి సగం దాకా శుభ్రంగా ఉంది. ఆ శుభ్రమైన ముక్క చివర ఆచార్యులు గారు కూర్చుని ఉన్నారు. కూర్చోలేదు, పడ్డారు. పంచె మీద లావు కోటు, పక్కన ఇంట్లోని చిన్న పార. ఎడమ మోకాలి దగ్గర పంచె నెత్తురుతో తడిసింది. కుడి చెయ్యి మాత్రం గుండెలకి హత్తుకుని ఉంది.

రాగిణి వంగి ఆయన భుజం పట్టుకుంది. "స్వామీ, చెయ్యి?"

"చేతికేం కాలేదమ్మా. పడేటప్పుడు పైకెత్తేశాను. మోకాలే కొట్టుకుంది."

"మిమ్మల్నెవరు తీయమన్నారు? నేనొస్తానని చెప్పాను కదా. పదిసార్లు చెప్పాను కదా." ఆమె గొంతు తనకే కొత్తగా వినబడింది. ఏడుపో, కోపమో తేడా తెలియలేదు.

"ముక్కోటి. తలుపు వేళకి తెరవాలి. నువ్వు ఆ రోడ్ల మీద ఎక్కడున్నావో, నీ కోసం స్వామి ఆగుతాడా? పైగా ఎన్నాళ్ళని నిన్నే బాధపెడతాం."

ఆమె ఆయన చంకల కింద చేతులు వేసి లేపింది. నిరుడు లేపినట్టే. నిలబడ్డాక ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ ముడిచి చూసుకున్నారు. అది చూసి ఇక ఆపుకోలేకపోయింది.

"స్వామీ, ఒక్క మాట అడుగుతాను. పదహారో తారీఖుదాకా బండి తీయొద్దని మీరెలా చెప్పారు? ఈ దారి మీకోసమే కదా?"

ఆచార్యులు గారు తెల్లబోయారు. "తీయొద్దని నేనెప్పుడన్నానమ్మా? వాహన పూజకి మంచిరోజు అడిగారు, చెప్పాను. మంచు తీయడానికి ముహూర్తం ఏమిటి? వాకిలి ఊడ్చడానికి ముహూర్తం చూస్తామా?"

"మరి ఆ మాట ఆయనతో చెప్పలేకపోయారా?"

"ఆయన వాళ్ళ నాన్నగారి గురించి చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అలాంటప్పుడు మధ్యలో ఏమంటాను? మొహమాటపడ్డాను" అన్నారు ఆయన తల దించుకుని.

రాగిణి ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచి మూసేసింది. తిట్టే అర్హత ఆ గుడిలో ఎవరికైనా ఉంటే ఉండొచ్చు గానీ తనకి లేదు. ఆయన్ని తలుపుదాకా నడిపించి, తిరిగొచ్చి పార అందుకుంది. పైపొర పగలగొట్టి, కింద మంచు ఎత్తి, కమ్మీ అవతల పోసి, మళ్ళీ పగలగొట్టి. నాలుగు బార్లు తీసేసరికి భుజం లాగేసింది. పంతంగా ఇంకో రెండు బార్లు తీసింది. మంచు మీద కంటే ఆ ఓకే మీద ఎక్కువ కోపంగా ఉంది. అర్చకుడి చేతికి, పెద్దమనిషి మొహానికి మధ్య ఎంచుకోవాల్సి వస్తే తను మొహాన్ని ఎంచుకుంది. ఎవరు ఎన్ని చెప్పినా జరిగింది అదే.

అయిదు కావస్తుండగా కృష్ణమూర్తి గారు వచ్చారు, పట్టుచొక్కా మీద కోటు, చేతిలో తాళంచెవి. ఆచార్యులు గారు మోకాలికి గుడ్డ కట్టుకుని, ఉత్తర ద్వారం తెరిచే ముందు రెండే నిమిషాలు బయటికొచ్చి, ట్రాక్టర్‌కి బొట్టు పెట్టి నిమ్మకాయ తొక్కించారు. "పూజ పదహారున చేసుకుందాం. ఇది మామూలు పని, కానివ్వండి" అన్నారు. ఆయన కుంటుతూ లోపలికి వెళ్ళడం కృష్ణమూర్తి గారు చూశారు. ఏమైందని అడిగితే రాగిణి చెప్పింది. విని ఆయన సీటెక్కారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి, ట్రాక్టర్ బ్రహ్మాండంగా పనిచేసింది. అరగంటలో సగం పార్కింగ్ శుభ్రం చేసేసింది. వస్తున్న జనం కార్ల అద్దాలు దించి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. కృష్ణమూర్తి గారి మొహం వెలిగిపోయింది. ఆ ఊపులోనే బండిని హాలు వెనక్కి తిప్పారు. ఇంటి దారి మొదట్లో, రాగిణి పార పట్టుకుని చూస్తుండగానే, బ్లేడు దించి ముందుకి పోనిచ్చారు.

ఒక పక్క గోడ ఇటుక గీరుకుంది, రెండో పక్క కమ్మీ టంగుమంది. బండి ఆగిపోయింది. ఆయన వెనక్కి తీసి, కాస్త ఏటవాలుగా పెట్టి మళ్ళీ పోనిచ్చారు. ఈసారి కమ్మీ వంగింది. నిరుడు ఆచార్యులు గారు పడ్డాక ఆయన పట్టుకోవడానికని వేయించిన కమ్మీ అది. ఆయన ఇంజను ఆపి కిందికి దిగారు. గోడకీ కమ్మీకీ మధ్య చేతులు చాపి చూసుకున్నారు.

"నేను కొలిచి పెట్టాను కదా అంకుల్" అంది రాగిణి.

"పెట్టావు." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగానే అర్థం కాక అడుగుతున్నట్టు ఉంది. "కానీ నువ్వే కదమ్మా ఓకే అన్నావు? నీ మాటే ఫైనల్ అని నీకే వదిలేశాను కదా. వద్దని ఒక్క మాట అనుంటే మానేసేవాణ్ణే."

మానేసేవాడే. ఆ సంగతి ఇప్పుడాయన మొహం చూస్తే తెలుస్తోంది. నాలుగు రోజులు మనసు కష్టపెట్టుకుని, అయిదో రోజు యూటీవీ బానెట్ మీద నాన్న పేరు రాయించేవాడు. ఇన్నాళ్ళూ ఆయన మీద నూరుకున్న పళ్ళన్నీ వృథా అనిపించింది రాగిణికి.

"అనలేదంకుల్. తప్పు నాదే. మీరు బాధపడతారని అనలేదు. ఇవాళ ఆచార్యులు గారు పడ్డారు."

అంతలో వెనక ఇంటి తలుపు తెరుచుకుంది. అలివేలమ్మ గారు శాలువా కప్పుకుని, ప్రసాదం గిన్నె చీర చెంగుతో పట్టుకుని గడప దగ్గరే ఆగిపోయారు. తీసిన దారి వైపు, తీయకుండా మిగిలిన ముక్క వైపు, దారి మొదట్లో ఇరుక్కున్న ట్రాక్టర్ వైపు చూశారు.

"రేపు కూడా పడుతుందట కదమ్మా మంచు. మరి రేపెలా?" అన్నారు, ప్రత్యేకించి ఎవర్నీ అడగకుండా.

ఎప్పటిలాగే సమాధానం రాగిణి నోట్లోకి వచ్చేసింది. నేనొస్తాను అమ్మగారూ, మీరేం దిగులు పడకండి. అయిదేళ్ళుగా ఎవరు ఏది అడిగినా ఆ మాటే ముందుగా వచ్చేది. ఆమె దాన్ని గట్టిగా మింగేసింది. మింగాక వచ్చిన నిశ్శబ్దం భరించడం చాలా కష్టమైంది. ఏదో ఒకటి అనేసి అందర్నీ గట్టెక్కించాలని ప్రాణం కొట్టుకుంది. అయినా నోరు మెదపలేదు. కృష్ణమూర్తి గారి వైపు తిరిగి అలాగే నిలబడింది.

ఆయన ముందు ట్రాక్టర్‌ని చూశారు. తర్వాత వంగిన కమ్మీని. తర్వాత మంచు మీద ఇంకా ఆరని నెత్తుటి మరకని. కోటు చేతులు పైకి మడుచుకుని, రాగిణి చేతిలో పార కోసం చెయ్యి చాపారు.

"ఎన్నింటికి రావాలమ్మా?"

"మూడున్నరకి అంకుల్" అంది రాగిణి, పార ఇచ్చేస్తూ.